శరీరములోని కావలివారు

బి.సి.జి. టీకా వేసిన కొన్ని వారములకు శిశువు ఎడమ భుజముపై చిన్న పొక్కు లేచును. ఒక్కొక్కప్పుడు అది పగిలి పుండగును. దానిని చూచి తల్లులు భయపడుట, పసరులు పూయుట, తరువాతి టీకాలకు బిడ్డను తీసికొనిపోకుండుట కద్దు. అట్టివారికి ధైర్యము చెప్పవలసిన పంచాయతీ సభ్యులు ఆ పొక్కునకు కారణమును తెలిసికొనుట మంచిది.

మన రక్తమునందును, చర్మమునందును, ఊపిరితిత్తులయందును కొన్ని కణములు నిత్యము కావలి కాయుచుండును. 1882లో ఇటలీ దేశపు మెస్సీనా పట్టణమున మెచ్నికోవ్ అను శాస్త్రజ్ఞుడు నక్షత్రమీనపు పిల్లకు ముల్లు గ్రుచ్చెను. మరునాటికి దాని చుట్టును కణములు మూగియుండెను. ఇట్టి రక్షక కణములపై జరిపిన కృషికి 1908లో ఆయనకు నోబెల్ బహుమాన మొసగబడెను. అయితే పరాయి సూక్ష్మజీవిని ఈ కణములు ఎట్లు ఆనవాలు పట్టును?

బాక్టీరియాలు కొన్ని మాంసకృత్తులకు కొవ్వు తోకలను తగిలించి, నేలలో గుంజను పాతినట్లు వానిని తమ పొరలో నిలుపుకొనును. ఇట్టి మాంసకృత్తునకు లైపోప్రోటీన్ అనియు, కొవ్వుతో కూడిన దాని తునకకు లైపోపెప్టైడ్ అనియు పేరు. సరిగా ఈ అమరికయే మానవ కణములలో లేదు. కనుక శత్రువును గుర్తించుటకు ఇది చక్కని ఆనవాలు.

కావలి కణముల పైపొరలో టి.ఎల్.ఆర్.-2 అను గ్రాహకము, అనగా ఆనవాలును పట్టుకొను అణువు, కలదు. అది ఒంటరిగా పనిచేయదు. తునకకు మూడు తోకలున్నచో టి.ఎల్.ఆర్.-1తోను, రెండున్నచో టి.ఎల్.ఆర్.-6తోను జత కట్టును. జత కుదిరినంతనే కణము కొన్ని రసాయనములను వెలువరించును. దండోరా విని జనులు కూడినట్లు ఇతర రక్షక కణములు అచ్చటికి చేరును. వాపు, ఎరుపు, జ్వరము ఈ దండోరా ఫలితములే. కొన్ని కణములు శత్రువు తునకలను లింఫు గ్రంథులకు మోసికొనిపోయి చూపును. అచ్చట శత్రువును గూర్చిన జ్ఞాపకము ఏర్పడును.

క్షయ బాక్టీరియా లైపోప్రోటీన్లను పసికట్టునది ఈ గ్రాహకమేయని 1999లో వెల్లడియయ్యెను. బి.సి.జి. టీకా కూడ ఆ జాతికే చెందిన, బలహీనపరచబడిన సజీవ బాక్టీరియాయే. ఫ్రాన్సు దేశమున కాల్మెట్, గెరాన్ అనువారు 13 సంవత్సరములు శ్రమించి దానిని సిద్ధపరచిరి. 1921లో మొదటిసారి ఒక శిశువున కిచ్చిరి. మన దేశమున 1948లో మదరాసు గిండీలో దీని తయారీకి ప్రయోగశాల వెలసెను. కావున భుజముపై పొక్కు రోగము కాదు. కావలివారు మేల్కొనిరనుటకు గుర్తు.

అయితే దండోరా మితముగా నున్నప్పుడే మేలు. సూక్ష్మజీవులు రక్తమున వ్యాపించి అది దేహమంతట మ్రోగినచో ప్రాణాపాయము కలుగును. క్షయ బాక్టీరియా మరియొక మాయ పన్నును. ఈ గ్రాహకమునే చిరకాలము రెచ్చగొట్టి, శత్రువును ఇతర కణములకు చూపు శక్తిని తగ్గించును. టీకాకును హద్దు కలదు. మెదడు పొరలకు సోకు క్షయ వంటి తీవ్రరూపముల నుండి అది శిశువులను కాపాడును. పెద్దల ఊపిరితిత్తుల క్షయను మాత్రము నమ్మకముగా ఆపజాలదు. 1968లో చెంగల్పట్టు జిల్లాలో ఆరంభమైన గొప్ప పరిశీలన ఈ సత్యమును తెలిపినది.

ఇందుండి సభ్యులు గ్రహింపవలసిన కర్తవ్యములు మూడు. గ్రామమున పుట్టిన ప్రతి శిశువునకు పుట్టిన వెంటనే, తప్పినచో ఏడాది నిండకమునుపే, బి.సి.జి. టీకా వేయించునట్లు చూడవలెను. పొక్కుపై ఏ పసరును, మందును పూయరాదనియు, అది తనంతట తానే మాని మచ్చ మిగులుననియు తల్లులకు చెప్పవలెను. చంకలో గడ్డ పెరిగినను, చీము పట్టినను వైద్యునికి చూపవలెను. రెండు వారములకు మించి దగ్గు గలవారిని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రమునకు పంపి కఫ పరీక్ష చేయింపవలెను. దేహములోని కావలివారు తమ పని తాము చేయుదురు. వారికి తోడుగా ఊరి కావలి మన పని.