దుఖే మళ్ళీ పడవ ఎక్కాడు

వరినాట్ల రోజుల్లో మా ఊరి మసీదుకు జుమా నాడు కొన్ని కొత్త మొహాలు వచ్చాయి. కూలికి వచ్చిన బెంగాలీ కుర్రాళ్ళు. మా ఉర్దూ వారికి సగం, వారి బెంగాలీ మాకు పావు వంతు అర్థమయ్యేవి. ఒకడిది సుందర్‌బన్‌లోని బాసంతి వైపు పల్లె. నమాజు తరువాత వరండాలో కూర్చున్నప్పుడు, "చిన్నప్పుడు మీ అమ్మీ ఏ కథలు చెప్పేది బేటా?" అని అడిగాము. కాస్త సిగ్గుపడి దుఖే కథ అందుకున్నాడు. సగం చెప్పాడు, సగం పాడాడు.

దుఖే అంటే దుఃఖంలో ఉన్నవాడు. తండ్రి లేని పేద పిల్లవాడు. ధోనా అనే ధనికుడు, వరసకు చాచా, తేనె కోసం ఏడు పడవలతో అడవికి బయలుదేరుతూ వాడిని కూలికి రమ్మంటాడు. తల్లికి ఇష్టం లేదు, కానీ ఇంట్లో తిండి లేదు. "ఆపద వస్తే బోన్‌బీబీని తలచుకో" అని చెప్పి పంపుతుంది. అడవిని ఏలే దొఖిన్ రాయ్ పులి రూపంలో తిరిగేవాడు. ఆ కుర్రవాడిని నాకు వదిలితే పడవల నిండా తేనె, మైనం ఇస్తానని ధోనాకు ఆశ పెడతాడు. చాచా ఒప్పుకుంటాడు. దుఖేను ఒక దీవి ఒడ్డున దించి పడవలు వెళ్ళిపోతాయి. పులి మీదికి దూకే వేళకు బోన్‌బీబీ వచ్చి కాపాడుతుంది.

ఈ బోన్‌బీబీ కూడా పరాయిచోటి నుంచి వచ్చిన మనిషే. కథ ప్రకారం ఆమె తండ్రి ఇబ్రాహీమ్ మక్కా ఫకీరు. తమ్ముడు షా జంగలీతో కలిసి ఆమె అరబ్ దేశం నుంచి ఈ మడ అడవులకు వస్తుంది. దొఖిన్ రాయ్‌ను ఓడించి కూడా అడవి మొత్తం లాక్కోదు, హద్దు గీస్తుంది: ఇటు మనుషులకు, అటు అతనికి. అడవిలోకి వెళ్ళేవాడు అవసరానికి మించి తీసుకోరాదన్నది ఇప్పటికీ అక్కడి తేనె సేకరించేవారి కట్టుబాటు. ఇస్రాఫ్ కూడదని మన పెద్దలు చెప్పేది అదే కదా!

ఇక్కడ ఒక మాట. ఆపదలో అల్లాహ్‌ను తప్ప మరొకరిని పిలవడం మన అఖీదాకు సరిపడదు. ఆ సంగతి కుర్రవాడికీ చెప్పాము. తల ఊపాడు గాని కథ ఆపలేదు. మేమూ ఆపమనలేదు.

ఈ కథను 19వ శతాబ్దంలో 'బోన్‌బీబీ జొహురానామా' పేరుతో ముస్లిం కవులు పద్యంగా అచ్చువేయించారు. భాష బెంగాలీ, పుటలు మాత్రం మన కితాబుల్లాగా కుడి నుంచి ఎడమకు తిప్పాలి. చదవలేనివారు వినేవారు, విన్నవారు చెప్పేవారు. పల్లెల్లో రాత్రిపూట జాత్రా నాటకంగా ఆడతారు. హిందువులూ ముస్లిములూ కలిసే చూస్తారు. పులినెక్కిన గాజీ పీరు కథను బొమ్మల చుట్టగా గీసి, ఒక్కో బొమ్మ చూపిస్తూ పాడేవారు కూడా బెంగాల్‌లో ఉండేవారు. సుమారు 1800 నాటి అలాంటి చుట్ట ఒకటి లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. 13 మీటర్ల పొడవు, 54 బొమ్మలు. బొమ్మలు అక్కడ భద్రమే, పాట మాత్రం వాటి వెంట వెళ్ళలేదు. 2021లో రచయిత అమితవ్ ఘోష్ దుఖే కథను అదే పయార్ ఛందస్సు నడకతో ఇంగ్లీషులో 'జంగిల్ నామా'గా రాశారు. లాహోర్‌లో పుట్టిన సల్మాన్ తూర్ దానికి బొమ్మలు గీశారు. మంచి పని. కానీ ఆ పుస్తకం మా వరండాలో కూర్చున్న కుర్రవాడి దాకా ఎప్పటికి వస్తుందో!

అతని పల్లెకు జరిగింది వినండి. 2009 మే 25న ఐలా తుఫాను కట్టలు తెంచి ఉప్పునీటిని పొలాల మీదికి తోసింది. చాలాచోట్ల ఏళ్ళ తరబడి వరి పండలేదు. మగవాళ్ళు కేరళకు, తమిళనాడుకు, మన వైపుకు కూలికి బయలుదేరారు. 2020 లాక్‌డౌన్‌లో ఉన్నదంతా పోగొట్టుకుని ఇల్లు చేరినవారి మీదికి మే 20న ఆంఫన్ వచ్చిపడింది. సముద్రం పెరుగుతోంది, దీవులు కోసుకుపోతున్నాయి. లోహాచరా దీవి మునిగింది. ఘోరామారా సగానికి పైగా నీటిపాలైంది, అక్కడివారు అనేకులు సాగర్ దీవికి తరలిపోయారు. భూమిని వేడెక్కించిన పొగలో ఈ జాలరుల, తేనె కూలీల వాటా ఎంత? ఎక్కడో ఎవరో పడవలు నింపుకున్నారు, ఒడ్డున వదిలేసింది మాత్రం దుఖేను.

2023 జూన్ 2న బాలాసోర్ దగ్గర కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ప్రమాదంలో 290 మందికి పైగా మరణించారు. బాసంతి నుంచి ఆంధ్రకు వరినాట్లకు వస్తున్న కూలీలూ వారిలో ఉన్నారు. మన పళ్ళెంలో అన్నం వారు నాటిన వరిదే కావచ్చు.

కథ ముగింపులో బోన్‌బీబీ ధోనాను క్షమిస్తుంది, దుఖే ఆ చాచా కూతురినే పెళ్ళాడతాడు. మాకు అది అంతగా మింగుడుపడలేదు. ఆ మాటే అంటే కుర్రవాడు నవ్వాడు. తమను రైలెక్కించి తెచ్చిన మేస్త్రీని కూడా తామంతా చాచా అనే పిలుస్తామన్నాడు. రెండు వారాల కూలి ఇంకా రావలసి ఉందట. మరుసటి జుమాకు మాలో ఇద్దరం మేస్త్రీ దగ్గరికి వెళ్ళి అడిగాము. ఒక వారానిది ఇచ్చాడు.