పడవలో ఏముందో తేల్చకుండానే పేల్చేస్తారా?

ఆ వీడియో మీరూ చూసే ఉంటారు. సముద్రంలో దూసుకెళ్తున్న ఓ పడవ. ఒక్కసారిగా మెరుపు, ఆ వెంటనే మంటలు. 2025 సెప్టెంబర్ 2న కరీబియన్ సముద్రంలో అమెరికా సైన్యం చేసిన దాడి అది. వెనిజులా నుంచి డ్రగ్స్ తెస్తున్న 11 మంది చనిపోయారని ట్రంప్ స్వయంగా ప్రకటించారు. ఆ తర్వాత పసిఫిక్‌లోనూ దాడులు మొదలయ్యాయి. ఏడాది ముగిసేసరికి మృతులు వంద దాటారు.

'డ్రగ్స్ అమ్మేవాళ్లకి అలాగే కావాలి' అనిపించడం సహజమే. కానీ నా డౌట్ ఒక్కటే. ఆ పడవలో డ్రగ్స్ ఉన్నాయని తేల్చిందెవరు? కోర్టు లేదు, లాయర్ లేడు. అమెరికా చట్టంలో కూడా మామూలు స్మగ్లింగ్‌కి శిక్ష జైలే, మరణం కాదు.

యుద్ధమా? నేరమా?

డ్రగ్ ముఠాలతో తాము 'సాయుధ పోరాటం'లో ఉన్నామన్నది ట్రంప్ ప్రభుత్వ వాదన. యుద్ధమైతే శత్రువుని కాల్చొచ్చు కదా అని. ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల చీఫ్ వోల్కర్ టర్క్ దీన్ని ఒప్పుకోలేదు. స్మగ్లింగ్‌ని అడ్డుకోవడం పోలీసు పని, ఎదుటివాళ్ల వల్ల అప్పటికప్పుడు ప్రాణాపాయం ఉంటేనే చంపాలి అన్నారు.

సరే, యుద్ధమే అనుకుందాం. మొదటి దాడిలో బతికి, పడవ శకలాన్ని పట్టుకుని ఉన్న ఇద్దరిని రెండో దాడిలో చంపేశారు. ఓడ మునిగి నీళ్లలో ఉన్నవాళ్లని కాల్చకూడదనేది యుద్ధ నియమమే. అమెరికా రక్షణ శాఖ మాన్యువల్‌లోనూ అది రాసి ఉంది.

అక్టోబర్‌లో ఇంకో దాడిలో ఇద్దరు బతికారు. వాళ్లని సొంత దేశాలకి పంపించేశారు. ఈక్వెడార్ మనిషి మీద నేరానికి ఆధారాల్లేవని అక్కడి అధికారులు వదిలేశారు. చనిపోయి ఉంటే? అతనూ లెక్కలో ఇంకో 'స్మగ్లర్' అయ్యేవాడు.

పొరపాటు జరగదా?

2001 ఏప్రిల్‌లో జరిగింది. పెరూలో సీఐఏ నిఘా విమానం సాయంతో అక్కడి వైమానిక దళం ఓ చిన్న విమానాన్ని డ్రగ్స్ విమానం అనుకుని కాల్చింది. అందులో ఉన్నది మిషనరీ కుటుంబం. ఓ తల్లి, ఆమె పసిపాప చనిపోయారు.

మరి డ్రగ్స్‌తో పోతున్న ప్రాణాల సంగతేంటి అంటారా? న్యాయమైన ప్రశ్నే. 2023లో అమెరికాలో ఓవర్‌డోస్‌తో లక్ష మందికి పైగా చనిపోయారు. అందులో ఎక్కువ మందిని బలి తీసుకుంది ఫెంటానిల్. అది ప్రధానంగా మెక్సికో నుంచి రోడ్డు మార్గంలో వస్తోంది, ఈ పడవల్లో కాదు.

వేరే దారీ ఉంది. అమెరికా కోస్ట్ గార్డ్ ఏళ్ల తరబడి చేస్తున్నదే. ముందు హెచ్చరిస్తారు, ఆగకపోతే హెలికాప్టర్ నుంచి ఇంజిన్‌ని కాలుస్తారు, పడవెక్కి సోదా చేసి అరెస్ట్ చేస్తారు. సరుకూ దొరుకుతుంది, వెనకున్న పెద్ద తలకాయల పేర్లూ బయటికొస్తాయి. పేల్చేస్తే రెండూ సముద్రం పాలే. అరెస్టులో తప్పు జరిగితే విడిచిపెట్టొచ్చు. క్షిపణితో జరిగిన తప్పుని ఎవరు దిద్దుతారు?