సాయం చేసేవాళ్ళకూ కట్టుబాట్లున్నాయి

2018 అక్టోబరు 11. తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర ఒడ్డు దాటింది. ఉద్దానంలో కొబ్బరి చెట్లు విరిగిపోయాయి. జీడి తోటలు వేళ్ళతో లేచిపోయాయి. కరెంటు లేదు. తాగే నీటికి కటకట. అలాంటప్పుడు ఎవరైనా బియ్యం, దుప్పట్లు తెస్తే మనం ఏమీ అడగం. "ఇచ్చిందే చాలు, ఇంకా అడుగుతామా?" అనుకుంటాం.

అడగొచ్చు. సాయం తెచ్చేవాళ్ళకు కూడా కట్టుబాట్లున్నాయి.

1994లో రెడ్‌క్రాస్, మరికొన్ని పెద్ద సేవా సంస్థలు కలిసి పది సూత్రాలు రాసుకున్నాయి. ఎవరికి ఎక్కువ అవసరమో చూసి సాయం ఇవ్వాలి. కులం, మతం చూడకూడదు. "మా మీటింగుకు వస్తేనే బియ్యం" అనకూడదు. సాయం తీసుకునేవాళ్ళ పరువు కాపాడాలి. వాళ్ళను దిక్కులేనివాళ్ళలా ఫొటోల్లో చూపకూడదు. ఇంకొకటుంది, నాకు బాగా నచ్చింది అదే. డబ్బిచ్చిన దాతకు లెక్క చెప్పినట్టే, సాయం పొందిన మనిషికీ జవాబు చెప్పాలి. దాతకు లెక్క అందరూ చెప్తారు. అరుగు మీద కూర్చున్న ముసలమ్మకు ఎంతమంది చెప్తారు?

"జాబితాలో నీ పేరు రాస్తా, రెండొందలు ఇయ్యి" అంటే అది లంచం. కోడిని అడిగినా లంచమే. మరి మనమే ప్రేమగా ఇస్తే? మంచి కార్యకర్త దాన్నీ వద్దంటుంది. ఎందుకంటే పక్కింట్లో కోడి లేదు. ఆ ఇంటామె, "నాకు కోడి లేదు కాబట్టే నా పేరు రాలేదు" అనుకుంటుంది.

ఇప్పుడు ఉద్దానంలో పెద్ద సంగతికి వద్దాం. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, వజ్రపుకొత్తూరు, మందస మండలాల్లో ఎందరికో కిడ్నీ జబ్బు ఉంది. అసలు కారణం ఇంకా పూర్తిగా తేలలేదు. అందుకే పరిశోధన చేసేవాళ్ళు వస్తుంటారు. నెత్తురు, మూత్రం, నీళ్ళు తీసుకుంటారు.

ఒక అమ్మాయి సంచి పట్టుకొని మీ గుమ్మంలోకి వచ్చిందనుకోండి.

"పిన్నీ, కొంచెం నెత్తురు ఇయ్యి. ఇక్కడ సంతకం పెట్టు."

"దేనికమ్మా? ఏం తేలిందో మాకు చెప్తారా?"

ఈ ప్రశ్నకు ఆ అమ్మాయి జవాబు చెప్పి తీరాలి. మనుషుల మీద పరిశోధన ఎలా చేయాలో భారత వైద్య పరిశోధన మండలి 2017లో నియమాలు ఇచ్చింది. పని ఎందుకో, ఎంత నెత్తురు తీస్తారో, ఏం ఇబ్బంది, ఏం లాభం, అన్నీ మనకు తెలిసిన భాషలో చెప్పాలి. మీరు వద్దనవచ్చు. ఒప్పుకున్నాక కూడా మధ్యలో మానేయవచ్చు. మానేశారని మీ మందులు, వైద్యం ఆపకూడదు. చదువు రానివాళ్ళయితే, ఆ పనితో సంబంధం లేని చదువుకున్న మనిషి సాక్షిగా ఉండాలి. వేలిముద్ర పట్టుకుపోతే చాలదు. మీకిప్పుడు చదువొచ్చింది. మెల్లగా చదవండి. ఆ అమ్మాయి ఆగుతుంది, ఆగాలి.

నెత్తురు పరీక్షలో జబ్బు బయటపడిందనుకోండి. ఆ మాట మీకే చెప్పాలి. కుళాయి దగ్గర పదిమందిలో చెప్పకూడదు. కిడ్నీ జబ్బని తెలిస్తే పిల్ల పెళ్ళి సంబంధం తప్పిపోతుందని భయపడే ఇళ్ళు ఇక్కడ ఉన్నాయి. నోరు జారిన ఒక్క మాటకు ఆ పిల్ల ఏళ్ళ తరబడి ఏడవాలి. కార్యకర్త తన సొంత అక్కకు కూడా చెప్పకూడదు. వైద్యం చేసే డాక్టరుకు చెప్పడం వేరు.

తప్పు జరిగితే? ఆ మనిషి పేరు, సంస్థ పేరు, తేదీ రాసుకోండి. గుర్తింపు కార్డు చూపమనండి. ముందు వాళ్ళ పై అధికారికి చెప్పండి. ప్రభుత్వ ఉద్యోగి లంచం అడిగితే అవినీతి నిరోధక శాఖ ఉంది. ప్రభుత్వ సొమ్ము పెద్ద ఎత్తున తీసుకునే స్వచ్ఛంద సంస్థలకు కూడా 2005 నాటి సమాచార హక్కు చట్టం వర్తిస్తుంది. అర్జీ పెడితే 30 రోజుల్లో జవాబివ్వాలి.

పరిశోధనవాళ్ళు మీరు సంతకం పెట్టిన కాగితం నకలు ఒకటి మీకివ్వాలి. అడిగి తీసుకోండి. రేషను కార్డు పెట్టే సంచిలోనే దాన్నీ పెట్టండి. రేపు "మా నెత్తురు ఏమైంది?" అని అడగడానికి వెళ్తే, చేతిలో చూపడానికి అదే ఉంటుంది.