అంకెలు రాసింది మేమే... జాబితా ఇచ్చింది కంప్యూటర్

తెల్లవారుజామున నాలుగున్నర. షార్జా క్యాంపు నుంచి దుబాయ్ సైట్‌కు పోయే బస్సు ఇంకా స్టార్టు కాలేదు. సిరిసిల్ల నుంచి వచ్చిన తాపీ మేస్త్రి ఒకాయన జీతం స్లిప్పు పట్టుకుని మా సీట్ల దగ్గరకు వచ్చాడు.

''సారూ, జర ఈ కాయితం సూడుండ్రి. నాలుగు దినాలు ఆబ్సెంట్ పడ్డది. నేను ఒక్కనాడన్న డ్యూటీ ఇడిశిపెట్టిన్నా? మీ ముంగటనే గద పని చేసిన!''

నిజమే. ఆ నాలుగు రోజులూ ఆయన మా కళ్లెదుటే అయిదో అంతస్తులో బ్లాకు గోడ కట్టాడు. ఆబ్సెంట్ ఎవరు వేశారని టైమ్ కీపర్‌ను అడిగితే, ''నేను కాదు, సిస్టమ్ వేసింది'' అన్నాడు. ఆ మాట వినడం మాకు అదే మొదటిసారి. తర్వాత రోజూ వింటూనే ఉన్నాం.

మాది పెద్ద కంపెనీ కాదు, మరీ చిన్నదీ కాదు. 600 మంది వర్కర్లు, అయిదు సైట్లు, 20 బండ్లు. ఇలాంటి మధ్యతరహా కాంట్రాక్టు కంపెనీల్లోనే గల్ఫ్‌లో మనవాళ్లు చాలామంది పని చేస్తున్నారు. 2023లో మా యాజమాన్యం ఒక సాఫ్ట్‌వేర్ కొన్నది. హాజరు, జీతాలు, స్టోరు, బండ్ల జీపీఎస్, మేం రాసే డైలీ రిపోర్టు... అన్నీ ఒకేచోట పోసి, ఎక్కడ డబ్బు వృథా అవుతోందో అది చెబుతుందట. దాని పేరు 'బిగ్ డేటా అనలిటిక్స్'. మేం ముగ్గురం సూపర్‌వైజర్లం. డిప్లొమా చదివిన వాళ్లమే గానీ, ఆ పేరు వినగానే ఇది ఆఫీసువాళ్ల గొడవ, మనకెందుకులే అనుకున్నాం. అక్కడే పొరపాటు చేశాం.

ఇంతకీ ఏమిటీ బిగ్ డేటా?

2001లో డగ్ లేనీ అనే అమెరికా విశ్లేషకుడు దీనికి మూడు లక్షణాలు చెప్పాడు. సమాచారం కుప్పలుగా ఉండాలి, వేగంగా వచ్చిపడాలి, రకరకాల రూపాల్లో ఉండాలి. గూగుల్ లాంటి కంపెనీల సంగతి సరే, మా లాంటి కంపెనీలో అంత కుప్ప ఎక్కడిది అని మీకు అనుమానం రావచ్చు. మాకూ వచ్చింది. లెక్క వేసి చూశాం.

600 మంది రోజుకు రెండుసార్లు పంచ్ చేస్తారు. నెలకు 26 రోజులు. అంటే నెలకు 31,200 వరసలు, ఏడాదికి 3,74,400. ఎక్సెల్ షీటులో పట్టేది 10,48,576 వరసలు. మూడేళ్ల హాజరు వేస్తే 11 లక్షలు దాటుతుంది, షీటు నిండిపోతుంది. ఇక బండ్ల సంగతి. 20 బండ్లు 30 సెకన్లకోసారి ఎక్కడున్నాయో చెబితే రోజుకు 57,600 వరసలు. ఒక్క నెలకే 17 లక్షలు పైచిలుకు. మనిషి కూర్చుని చదివే పని కాదది.

మొదట్లో లాభం కనబడిన మాట కూడా చెప్పాలి. కార్మికులు దిగిపోయాక కూడా బస్సులు ఏసీ వేసుకుని గంటల తరబడి ఆన్‌లో ఉంటున్నాయని జీపీఎస్ చెప్పింది. డీజిల్ ఖర్చు తగ్గింది. డ్రాయింగు ప్రకారం కావలసిన దానికన్నా రెడీమిక్స్ ఎక్కువ తెప్పిస్తున్న సైటు ఏదో బయటపడింది. ఇవన్నీ మంచివే. చిక్కు మనుషుల లెక్క దగ్గర వచ్చింది.

వేలు అరిగితే మనిషి లేనట్టే

సిరిసిల్ల మేస్త్రి సంగతి ముందు తేలింది. సిమెంటులో ఏళ్ల తరబడి చేతులు పెట్టేవాళ్లకు వేలిగీతలు అరిగిపోతాయి. మేస్త్రీలకు, టైల్స్ పనివాళ్లకు ఇది మామూలే. మిషను మీద వేలు పెడతారు, అది గుర్తు పట్టదు. వెనక వందమంది లైన్లో ఉంటారు, బస్సు హారన్ కొడుతుంది. 'పడ్డది లే' అనుకుని పరుగెత్తుతారు. ఇదివరకు టైమ్ కీపర్ పుస్తకంలో టిక్కు పెట్టేవాడు. ఇప్పుడు ఆ పుస్తకం తీసేశారు. ముఖం చూసి గుర్తుపట్టే మిషను తెచ్చేదాకా ఎంతమందికి ఎన్ని రోజులు పోయాయో!

పద్నాలుగు మంది

అంతకన్నా పెద్ద దెబ్బ సెప్టెంబర్‌లో తగిలింది. హెడ్డాఫీసు నుంచి ఒక జాబితా వచ్చింది. 'పని తక్కువ చేస్తున్నవారు' అని 14 పేర్లు. వీసాలు క్యాన్సిల్ చేసి పంపించేయమని ఆర్డరు. అందరూ మా బ్లాక్ వర్క్ గ్యాంగువాళ్లే. జగిత్యాల, సిరిసిల్ల వాళ్లు ఉన్నారు, కడప వాళ్లు ఉన్నారు, బీహారీలు ఉన్నారు. అందులో కొందరు మాకే పని నేర్పిన పెద్దవాళ్లు.

మేం ముగ్గురం ఆఫీసుకు పోయి, వీళ్లు పనిదొంగలు కారని చెప్పాం. మేనేజర్ కోప్పడలేదు. కంప్యూటర్ మా వైపు తిప్పాడు. ''ఈ రిపోర్టులు ఎవరు రాశారు? సంతకం మీదే కదా?'' అన్నాడు.

మాకు నోట మాట రాలేదు. సంతకం మాదే.

జులైలో సామాను పైకి తీసుకుపోయే హోయిస్ట్ చెడిపోయి తొమ్మిది రోజులు ఆగింది. బ్లాకులు పైకి పోలేదు. గోడ ఎలా లేస్తుంది? ఆ మనుషులను మేమే పక్క బిల్డింగులో ప్లాస్టరింగుకు, క్యూరింగుకు, క్లీనింగుకు పంపాం. కానీ డైలీ రిపోర్టులో పని కోడ్ మార్చలేదు. రాత్రి ఎనిమిదింటికి రూముకు పోయే తొందరలో నిన్నటి రిపోర్టునే కాపీ కొట్టి తేదీ మార్చాం. ఆ కాగితాలు ఎవరు చదువుతారులే అనుకున్నాం. మనిషి చదవలేదు, కంప్యూటర్ చదివింది. 14 మంది, తొమ్మిది రోజులు, గోడ సున్నా.

దీనికి తోడు ఇంకో తప్పు ఉంది. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3 గంటల వరకు ఎండలో పని నిషేధం. 2005 నుంచి ఏటా వేసవిలో ఈ విరామం అమల్లో ఉంది. సాఫ్ట్‌వేర్ పెట్టినవాళ్లు ఈ రెండున్నర గంటలనూ 'ఖాళీగా ఉన్న సమయం' కింద కట్టారు. జనవరి పనితో జులై పనిని పోల్చారు. చట్టం ఇచ్చిన నీడ, మనవాళ్ల సోమరితనం అయి కూర్చుంది.

మూడు పుస్తకాలు పక్కపక్కన పెడితే...

ఆ రాత్రి మేం నిద్రపోలేదు. హోయిస్ట్ రిపేరు రిజిస్టరు తెచ్చాం. స్టోరు నుంచి ఏ రోజు ఎన్ని బ్లాకులు ఇచ్చారో ఆ పుస్తకం తెచ్చాం. మా రిపోర్టులు ఎలాగూ ఉన్నాయి. ఆఫీసులో డేటా చూసే కేరళ కుర్రాడిని బతిమాలి మూడింటినీ తేదీల వారీగా ఒకే షీటులో పెట్టించాం. హోయిస్ట్ ఆగిన రోజులు, స్టోరు నుంచి బ్లాకులు పోని రోజులు, గోడ లేవని రోజులు... మూడూ ఒకటే! ఆ తొమ్మిది రోజులు తీసేసి, మధ్యాహ్నం విరామం కూడా తీసేసి చూస్తే ఆ గ్యాంగు మిగతా గ్యాంగులకు ఏమీ తీసిపోలేదు.

మేనేజర్ ఒప్పుకున్నాడు. జాబితా రద్దయింది. అయితే అప్పటికే ఇద్దరికి వీసా క్యాన్సిలై ఇంటికి పోయారు. కంపెనీ మళ్లీ పిలిచింది. బీహార్ అతను వచ్చాడు. జగిత్యాల తమ్ముడు రాలేదు. ఏజెంటుకు అప్పు తెచ్చి కట్టి వచ్చినవాడు. ఫోన్ చేస్తే ''ఇగ నాతోని గాదన్నా'' అన్నాడు. తప్పు మాది కూడా అని ఆయనకు చెప్పాం. ''తెలుసన్నా'' అన్నాడు. ఆ మాట మాకు ఇప్పటికీ ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

ఇప్పుడు మా దగ్గర పద్ధతి మారింది. 'సామాను కోసం ఎదురుచూపు', 'మధ్యాహ్నం విరామం' అని వేరే కోడ్‌లు పెట్టించాం. వారానికోసారి హాజరు ప్రింటు తీసి క్యాంపు నోటీసు బోర్డుకు అంటిస్తున్నారు. తప్పుంటే మూడు రోజుల్లో చెప్పుకోవచ్చు. సైటు సూపర్‌వైజరును అడగకుండా కంప్యూటర్ జాబితా మీద ఎవరినీ తీసేయరు. ఖరీదైన సాఫ్ట్‌వేర్ కన్నా ఈ మూడు మార్పులే కంపెనీకి ఎక్కువ మేలు చేశాయని మేనేజరే అంటున్నాడు. చెత్త పోస్తే చెత్తే వస్తుంది. కంప్యూటర్ అబద్ధం ఆడలేదు, మేం రాసిన అబద్ధాన్ని పెద్ద అక్షరాలతో చూపించింది.

మనవాళ్లకు నాలుగు మాటలు

వర్కర్ సోదరులారా, ఒక చిన్న డైరీ కొనుక్కోండి. రోజూ ఎన్నింటికి ఎక్కారు, ఎన్నింటికి దిగారు, ఏ పని చేశారు... రెండు ముక్కలు రాయండి. వేలు పడకపోతే ఆ రోజే ఫోర్‌మన్‌కు చెప్పండి, నెలాఖరు దాకా ఆగొద్దు. చదవకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దు.

జీతం వచ్చాక స్లిప్పు, డైరీ పక్కపక్కన పెట్టి చూసుకోండి. యూఏఈలో 2009 నుంచి వేతన రక్షణ విధానం ఉంది. జీతం బ్యాంకు ద్వారానో ఎక్స్ఛేంజ్ ద్వారానో రావాలి, దాని లెక్క ప్రభుత్వం దగ్గర ఉంటుంది. 2022 ఫిబ్రవరి నుంచి అమలైన కార్మిక చట్టం ప్రకారం మామూలు పని రోజుకు 8 గంటలు. ఓటీకి 25 శాతం అదనం, రాత్రి 10 నుంచి తెల్లవారుజామున 4 లోపు అయితే 50 శాతం. మీ డైరీ ఉంటే అడగడానికి ఆధారం ఉంటుంది. దారి తోచకపోతే దుబాయ్‌లోని ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రాన్ని అడగండి.

మాలాంటి సూపర్‌వైజర్లకు, ఫోర్‌మన్‌లకు ఒక్క మాట. నిన్నటి రిపోర్టు కాపీ కొట్టకండి. మనం నింపే ఒక్కో గడి వెనక ఒక మనిషి, ఆ మనిషి వెనక ఊళ్లో ఒక ఇల్లు ఉంది. డిప్లొమా చదివిన తమ్ముళ్లు శుక్రవారం రెండు గంటలు కేటాయించి ఎక్సెల్ బాగా నేర్చుకోండి, తర్వాత పవర్ బీఐ చూడండి. సైటు తెలిసినవాడికి లెక్క కూడా తెలిస్తే ఏ జాబితా వచ్చినా 'ఇది తప్పు' అని చూపించగలడు.

సిరిసిల్ల మేస్త్రికి ఆ నాలుగు రోజుల డబ్బు రెండు నెలల తర్వాత వచ్చింది. ఇప్పుడు ఆయన జేబులో టేపుతో పాటు చిన్న డైరీ ఉంటుంది. మాకు కనబడ్డప్పుడల్లా తీసి చూపిస్తాడు. ''సారూ, నాది రాసుకున్న. మీరు రాసిండ్రా?'' అని నవ్వుతాడు.

రాస్తున్నాం. ఇప్పుడు చూసి మరీ రాస్తున్నాం.