అమెరికా ఎన్ని గంటల దూరం?

మన భవానీపురంలో కూతురి పురిటికని అమెరికా ప్రయాణం కట్టే తల్లులు ఇప్పుడు చాలామందే ఉన్నారు. టిక్కెట్టు చేతికి వచ్చాక చూసుకుంటే, సోమవారం తెల్లవారుజామున 4 గంటలకు హైదరాబాదులో ఎక్కి, అదే సోమవారం మధ్యాహ్నం 3 గంటలకు శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగుతారని ఉందనుకోండి. "ఓస్, పదకొండు గంటలేగా!" అనిపిస్తుంది. ఆ లెక్కన షుగరు మాత్రలు సర్దుకున్నారో, ఇబ్బందే మరి!

టిక్కెట్టు మీద వేసేది ఏ ఊరి టైము ఆ ఊరిదే. కాలిఫోర్నియా గడియారం మనకంటే చలికాలంలో 13 గంటల 30 నిమిషాలు, వేసవిలో 12 గంటల 30 నిమిషాలు వెనక. అందుచేత వెళ్ళేటప్పుడు ఆ తేడా కలపాలి, వచ్చేటప్పుడు తీసెయ్యాలి. చలికాలమైతే ఆ పదకొండు గంటలూ నిజానికి ఇరవైనాలుగున్నర.

అంతసేపు ఎందుకంటారా? గన్నవరం నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి దగ్గరిదారి సుమారు 13,500 కిలోమీటర్లు. గంటకు 900 చొప్పున పోతే 15 గంటలు. ఆ దగ్గరిదారి గోడమీది పటంలో కనబడదు. బత్తాయిపండు మీద రెండుచోట్ల గుండుసూదులు గుచ్చి దారం బిగించి చూడండి, పైకెక్కి అవతలికి దిగుతుంది. అలాగే ఈ దారి ఉత్తర ధ్రువం వైపు ఎక్కి దిగుతుంది. 2021 జనవరిలో ఎయిరిండియా విమానాన్ని కెప్టెన్ జోయా అగర్వాల్, మరి ముగ్గురు మహిళా పైలట్లు శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగుళూరుకి ధ్రువం మీదుగానే తెచ్చారు. సుమారు 17 గంటలు. 9వ తేదీ శనివారం రాత్రి ఎక్కినవాళ్ళు 11వ తేదీ సోమవారం తెల్లవారుజామున దిగారు. ఆదివారం ఆకాశంలోనే గడిచిపోయింది! మనకి ఆదివారం సెలవు ఎలాగూ లేదు కాబట్టి, పోయినా పెద్ద నష్టం లేదనుకోండి.

గన్నవరంలో ఎక్కి తిన్నగా అక్కడ దిగే విమానం మాత్రం లేదు. హైదరాబాదు నుంచి దుబాయి మీదుగా వెళితే 2,550, ఆపైన 13,000, మొత్తం పదిహేనున్నర వేల కిలోమీటర్లు. మధ్యలో విమానం మారడానికి పడిగాపులు వేరే. ఇంటి గడప దాటి శంషాబాదు చేరడానికి కారులో ఆరేసి గంటలు, అక్కడ మూడు గంటల ముందు హాజరు. అన్నీ కలుపుకుంటే ముప్పైమూడు గంటల పైమాటే.

డాక్టరుగారికి చెప్పాల్సింది ఈ అంకె. ఏ మాత్ర ఎన్ని గంటలకోసారి వేసుకోవాలో, ఇన్సులిన్ వాడేవాళ్ళయితే మోతాదు ఎలాగో ముందే రాయించుకోండి. మందులు పెద్దపెట్టెలో వెయ్యకండి, చేతిసంచీలోనే ఉంచుకోండి. దిగేదాకా చేతి గడియారం మన టైములోనే ఉండనివ్వండి. గంటకో రెండు గంటలకో లేచి నాలుగడుగులు వెయ్యండి, కాళ్ళు పట్టెయ్యవు.

ఇక ఇంట్లో ఉండిపోయే మగవారికి ఒక మాట: వేసవిలో అక్కడ రాత్రి 9 అయితే మనకు మర్నాడు ఉదయం తొమ్మిదిన్నర. చలికాలంలో అయితే పదిన్నర. ఫోను చేసేముందు అది చూసుకుంటే, పసిబిడ్డను అప్పుడే నిద్రపుచ్చిన ఇంట్లో గంట మోగదు.