బరువు తరగతులు లేని బరిలో మైనోఉమి

కుస్తీ, బాక్సింగ్ పోటీల్లో ఇంచుమించు సమానమైన బరువున్నవారే తలపడతారు. జపాన్ వృత్తి సూమోలో మాత్రం అటువంటి విభజన ఏదీ లేనందువల్ల, వంద కిలోల మల్లుడు రెండు వందల కిలోలు దాటినవాణ్ని సైతం ఎదుర్కోక తప్పదు. 4.55 మీటర్ల వ్యాసం గల వలయం నుంచి ప్రత్యర్థిని వెలుపలికి నెట్టినా, అరికాళ్లు తప్ప అతని శరీరంలో మరే భాగమైనా నేలను తాకేలా చేసినా విజయం లభిస్తుంది కాబట్టి, భారీకాయమే ఈ క్రీడలో ప్రధానమైన పెట్టుబడి. అది లేకుండానే 1990లలో పై శ్రేణిలో నిలదొక్కుకున్నవాడు మైనోఉమి షూహేయి.

అఒమొరి ప్రాంతంలో 1968లో జన్మించి, నిహోన్ విశ్వవిద్యాలయం తరఫున సూమో ఆడిన ఆయన వృత్తిలోకి రాదలచినప్పుడు మొదటి అడ్డంకి ప్రవేశ పరీక్షలోనే ఎదురైంది. అప్పటి నిబంధన ప్రకారం అభ్యర్థి కనీసం 173 సెంటీమీటర్ల పొడవుండాలి. ఆయనకు అంత ఎత్తు లేదు. నడినెత్తి చర్మం కింద సిలికోన్ ఎక్కించుకుని, ఆ ఉబ్బుతో ఆయన కొలతను దాటాడు. నొప్పిని లెక్కచేయని ఈ ఉపాయం వింతగా తోచినా, ఆయన ఆటతీరుకు అది తగిన నాందే.

1990 మేలో బరిలోకి దిగిన ఆయన ఏడాది తిరగకుండానే జూర్యోకు, 1991 సెప్టెంబరులో అత్యున్నతమైన మకునోఉచికి చేరాడు. సూమోలోని ఆరు శ్రేణుల్లో నెలజీతం దక్కేది ఈ రెండింటిలోనే. కింది శ్రేణులవారు శిక్షణశాలలో తిండి, వసతి, స్వల్ప భత్యంతో సరిపెట్టుకుని, పైవారికి సేవ చేస్తూ సాధన సాగించాలి. ఆ సంవత్సరం నవంబరులోనే ఆయన రెండు మీటర్లకు పైగా ఎత్తున్న అకెబోనోను ‘మితోకొరొజెమె’ అనే అరుదైన పట్టుతో పడగొట్టాడు: ఒక కాలికి తన కాలు మెలివేసి, రెండో కాలిని చేత్తో పట్టి, తలతో రొమ్మును నెట్టి, మూడు చోట్ల ఒకేసారి దాడి చేయడమే ఈ పట్టు. ఆరంభంలోనే ప్రత్యర్థి ముఖం ముందు చప్పట్లు కొట్టి తికమకపెట్టడం, పక్కకు తప్పుకుని వెనుకకు చేరడం కూడా ఆయన ఆయుధాలే. ఎదురుగా ఢీకొనకుండా తప్పుకోవడం సూమో మర్యాదకు తగదనే సంప్రదాయవాదులు ఉన్నారు గాని, రెట్టింపు బరువున్నవాడితో తలపడేవాడి నుంచి ఆ మర్యాదనే ఆశించడం న్యాయమనిపించదు. నైపుణ్య పురస్కారం ఆయనకు ఐదుసార్లు లభించింది. 1994లో పై నుంచి నాలుగో హోదా అయిన కొముసుబి కూడా దక్కింది.

అయితే నైపుణ్యం బరువును బోల్తా కొట్టించగలదే గాని, ఆ బరువు మీద పడకుండా ఆపలేదు. 1996 జూలైలో, 280 కిలోలకు చేరువైన కొనిషికితో జరిగిన పోరులో మోకాలు తీవ్రంగా గాయపడటంతో మైనోఉమి జూర్యోకు దిగజారాడు. తిరిగి పై శ్రేణికి వచ్చినా, 1999 నవంబరులో విరమించి, వ్యాఖ్యాతగా మారాడు.

తర్వాతి తరంలో 168 సెంటీమీటర్ల ఎన్హో దాదాపు వంద కిలోల బరువుతోనే 2017లో రంగప్రవేశం చేసి, మొదటి 21 పోటీలను వరుసగా గెలిచి, 2019లో మకునోఉచికి చేరాడు. 2023 మేలో మెడకు తగిలిన గాయంతో అనేక టోర్నమెంట్లకు దూరమైనందున, హోదా క్రమంగా కరిగి అట్టడుగు శ్రేణికి పడిపోయిన ఆయన, 2024 జూలైలో జీతం లేని ఆ శ్రేణి నుంచే మళ్లీ బరిలోకి దిగాడు.