ఫోం రీసైక్లింగ్

ఫోం రీసైక్లింగ్ (పునశ్చక్రీకరణ) అనగా వాడి పారవేసిన థర్మోకోల్, పరుపుల స్పాంజి వంటి నురగ ప్లాస్టిక్కులను సేకరించి, శుభ్రపరచి, తిరిగి ముడిసరుకుగా మార్చే ప్రక్రియ. ఏరడం, వేరుచేయడం, విప్పడం వంటి చేతిపనులు ఇందులో ఎక్కువ. అందువలన కొన్ని దేశాలలో సేవాసంస్థలు దీనిని నిలువ నీడ లేనివారికి జీవనోపాధిగా మలచాయి. యాత్రికుల రద్దీ, నిరాశ్రయుల సమస్య, కొత్త కర్మాగారాలు ఒకేచోట కలిసిన తిరుపతి, చిత్తూరు ప్రాంతాలకు ఈ అంశం ప్రాధాన్యం గలది.

ఫోం రకాలు

థర్మోకోల్: దీని రసాయన నామం పాలీస్టైరీన్. 1839లో బెర్లిన్ నగరానికి చెందిన ఔషధ విక్రేత ఎడువర్డ్ సైమన్ ఈ పదార్థాన్ని గుర్తించాడు. దానిని నురగగా ఉబ్బించే పద్ధతిని జర్మనీలోని బి.ఏ.ఎస్.ఎఫ్. సంస్థ 1950 ప్రాంతంలో రూపొందించింది. ఇందులో సుమారు 98 శాతం గాలి, మిగిలినది ప్లాస్టిక్కు. వేడి చేస్తే మెత్తబడి తిరిగి అచ్చుకు వస్తుంది.

పరుపుల ఫోం: ఇది పాలీయురిథేన్. దీని రసాయన మూలాలను 1937లో ఒట్టో బేయర్ కనుగొన్నాడు. ఇది వేడికి కరిగి మరల అచ్చుకు రాదు. కావున దీనిని ముక్కలు చేసి, జిగురు కలిపి, ఆవిరితో అదిమి "రీబాండెడ్" పరుపులుగాను, తివాచీల అడుగున పరిచే పట్టలుగాను తయారుచేస్తారు.

బరువు సమస్య

పాత సామాన్ల కొట్టులో ఏ వస్తువుకైనా ధర తూకం మీదనే. ఒక ఘనపు మీటరు థర్మోకోల్ సాధారణంగా 15 నుండి 20 కిలోలు మాత్రమే తూగుతుంది. వంద లీటర్లు పట్టే గోతాన్ని సందు లేకుండా నింపినా రెండు కిలోలు మించదు. ఆ గోతాన్ని మోసుకొని వెళ్ళినందుకు దక్కే కూలి అత్యల్పం. చెత్త ఏరుకునేవారు సీసాలు, అట్టపెట్టెలు, ఇనుము తీసుకొని థర్మోకోల్‌ను వదిలివేయడానికి ఇదే కారణం. అలా మిగిలినది మురుగు కాలువలలో చేరుతుంది లేదా తగులబడుతుంది.

ఈ చిక్కును తీర్చేది కుదింపు యంత్రం. ఇది థర్మోకోల్‌ను నలగగొట్టి, అదిమి, ఘనపు మీటరుకు సుమారు 300 కిలోలు తూగే దిమ్మెలుగా మారుస్తుంది. అంటే అదే లారీలో 15 నుండి 20 రెట్లు సరుకు పడుతుంది. ఈ దిమ్మెల నుండి ఫోటో ఫ్రేములు, స్కేళ్ళు, గోడ అంచుల పట్టీలు తయారవుతాయి. యంత్రం సేకరించేవారి సంఘం చేతిలో ఉంటే పెరిగిన విలువ వారికే చెందుతుంది. దళారి చేతిలో ఉంటే వారి కూలి మారదు.

ఇతర ప్రాంతాల అనుభవం

అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రానికి చెందిన సెయింట్ విన్సెంట్ డీ పాల్ శాఖ 2001లో కాలిఫోర్నియాలోని ఓక్లండ్‌లో పాత పరుపులను విప్పే కేంద్రాన్ని ప్రారంభించింది. ఇతరత్రా పని దొరకని వారికి ఇందులో ఉపాధి కల్పించింది. మన దేశంలో ఫోంకే పరిమితమైనవి కాకున్నా, పూణేలో 2008లో ఏర్పడిన "స్వచ్ఛ్" సహకార సంఘం చెత్త ఏరేవారే యజమానులుగా నడిచే సంస్థ. బెంగుళూరులో 2011లో చెత్త ఏరేవారికి నగరపాలక సంస్థ గుర్తింపు కార్డులు ఇవ్వడం మొదలుపెట్టింది. చిరునామా లేనివారికి బ్యాంకు ఖాతా తెరవడానికి, పోలీసుల ప్రశ్నలకు జవాబు చెప్పడానికి ఇటువంటి కార్డు ఎంతో అవసరం.

తిరుపతి పరిస్థితి

తిరుమల దర్శనానికి రోజుకు సుమారు 60 నుండి 80 వేల మంది వస్తారు. వారితోపాటు బ్రతుకుతెరువు వెదుక్కుంటూ వచ్చినవారు, అయినవారు వదిలివేసిన వృద్ధులు కూడా ఈ నగరాన్ని చేరుతారు. రైల్వే స్టేషను, బస్టాండు పరిసరాలలో వీరు రాత్రులు గడుపుతారు. 2013లో మొదలై 2024 వరకు సాగిన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ ప్రతి లక్ష జనాభాకు కనీసం వంద మందికి శాశ్వత వసతి ఉండాలని నిర్దేశించింది. 2011 జనగణన ప్రకారం తిరుపతి జనాభా సుమారు 2.87 లక్షలు. ఆ లెక్కన దాదాపు మూడు వందల మందికి వసతి కావాలి.

మరొకవైపు రేణిగుంట, శ్రీసిటీ ప్రాంతాలలో టీవీలు, ఏసీలు తయారుచేసే కర్మాగారాలు వెలిశాయి. ఇటువంటి సరుకులు పగలకుండా పెట్టెలలో అమర్చేది సాధారణంగా థర్మోకోలే. నగరపాలక సంస్థ ఘన వ్యర్థాల కేంద్రం రేణిగుంట సమీపంలోని తూకివాకం వద్ద కలదు.

చట్టాలు

2022 జూలై 1 నుండి దేశమంతటా అలంకరణకు వాడే థర్మోకోల్‌ను నిషేధించారు. పెట్టెలలో అమర్చే థర్మోకోల్‌కు ఈ నిషేధం వర్తించలేదు. 2016 నాటి ఘన వ్యర్థాల నియమాలు చెత్త ఏరేవారిని గుర్తించి, వారిని వ్యవస్థలో భాగం చేయాలని స్థానిక సంస్థలను ఆదేశించాయి.

జాగ్రత్తలు

* ఫోంను తగులబెట్టరాదు. పాలీయురిథేన్ పొగలో హైడ్రోజన్ సయనైడ్ అనే విషవాయువు ఉంటుంది.
* థర్మోకోల్‌ను కరిగించే చోట గాలి ధారాళంగా ఆడాలి. స్టైరీన్ ఆవిరి క్యాన్సరు కారకం కావచ్చునని 2018లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ వర్గీకరించింది.
* ఆహారం అంటిన థర్మోకోల్‌ను కడిగి ఆరబెట్టిన తరువాతనే యంత్రంలో వేయాలి.
* పాత పరుపులు విప్పేవారికి ముక్కు గుడ్డ, చేతి తొడుగులు తప్పనిసరి.